అప్‌డేట్: నాన్నగారి పద్మినిలో కార్పెట్ కుదిరింది

నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని కారులో కార్పెట్ ఉబ్బిపోయి, వాన పడితే ముక్కిపోయిన వాసన వస్తోందని మొన్న అడిగాను కదా. "ముందు నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడు" అన్న అన్నలకి చాలా థ్యాంక్స్. అసలు సమస్య అదే. ముందు అద్దం చుట్టూ రబ్బరు పగిలిపోయింది. అది మార్పించి, ఫ్లోర్ తుప్పు గీకించి, ప్రైమర్, పెయింట్ బాగా ఆరాకే కార్పెట్ మొదలుపెట్టాం.

పద్మినికి గేరు స్టీరింగ్ దగ్గరే ఉంటుంది కాబట్టి ఫ్లోర్ మధ్యలో ఎత్తుగా ఉండే గుబ్బ మీది కార్పెట్‌కి గేర్ రాడ్ కన్నం అక్కర్లేదు. ఆ ముక్కే ముందు వేయాలి. జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ వెళ్లాలి. సీటు బోల్టుల కన్నాలకి డ్రిల్ వద్దు. కార్పెట్ పోగు డ్రిల్‌కి చుట్టుకుని వరస మొత్తం లేచిపోతుంది. సింథటిక్ కార్పెట్ అయితే కాల్చిన మేకుతో గుచ్చండి, అంచు కరిగి గట్టిపడుతుంది.

కాళ్ల కింద ముక్కల్ని మాత్రం అతికించలేదు, ప్రెస్ బటన్లు పెట్టించాం. వానాకాలంలో తీసి ఆరేసుకోవచ్చు. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి, కార్పెట్ అడ్డుపడట్లేదని తప్పకుండా చూసుకోండి.

డోర్ల దగ్గర అంచు కుట్టడానికి మెరూన్ బైండింగ్ పట్టీ ఇంకా దొరకలేదు. హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.