అడ్డపొగ తాగే ఆడవాళ్ళని నోటి పరీక్షకి రప్పించడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె. ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళలో చాలామంది ఇప్పటికీ అడ్డపొగే తాగుతారు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి కాబట్టి క్యాన్సర్ ముప్పు కూడా అక్కడే ఎక్కువ. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వం తరఫున నోటి పరీక్ష ఉచితం, టార్చి వేసి చూడటమే, అయినా ఎవరూ రావట్లేదు.

ఏఎన్ఎం గారితో ఇంటింటికీ తిరిగాం, దండోరా వేయించాం. పుండ్ల ఫొటోలతో పోస్టర్లు పెడితే భయపడి ఇంకా దూరం జరిగారు. శిబిరం పొద్దున పదింటికి పెడితే అందరూ జీడిపిక్కల పనికి పోయారు, సాయంత్రం పెడితే మగ డాక్టరు ముందు నోరు తెరవం అన్నారు.

మా పక్కింటి పెద్దమ్మ అంగిలి నేనే చూశాను, తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. "నొప్పే లేదు కదరా, రోగమెక్కడిది" అంటుంది. నొప్పి లేనప్పుడే దొరికితే నయం చేయడం తేలికని ఎంత చెప్పినా వినట్లేదు, నాకేమో టెన్షన్.

చుట్ట మానేయమని తర్వాత చెప్పుకోవచ్చు, ముందు ఒక్కసారి నోరు చూపించుకుంటే చాలు. మీ ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఏ మాట చెబితే, లేదా ఎవరు చెబితే పరీక్షకి కదిలారు?