ఇంటర్‌ఫేస్‌లో ఉన్న ప్రీయాంప్ చాలదా? విడిగా కొనాల్సిందేనా?

గుసగుస:
అందరికీ నమస్కారం. ఇంట్లోనే ఒక గదిలో కథలు చదివి రికార్డ్ చేస్తుంటాను, అప్పుడప్పుడు పాటలు కూడా. మైకుని కంప్యూటర్‌కి కలిపే, రెండు ఇన్‌పుట్‌లున్న మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్, షూర్ ఎస్‌ఎం7బి మైకు. పాడేటప్పుడు ఇబ్బంది లేదు. కథ మెల్లగా చదివితే మాత్రం గెయిన్ (సిగ్నల్ ఎంత పెంచాలో చెప్పే) నాబ్ దాదాపు చివరిదాకా తిప్పాల్సొస్తోంది, వెనకాల బుస వినిపిస్తోంది. ఒకరు విడిగా మంచి ప్రీయాంప్ కొనమన్నారు. ఒకరు మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ చాలన్నారు. ఇంకొకరు మైకే మార్చెయ్యమన్నారు. వీటిలో ఒక్కదానికే డబ్బుంది. దేనికి పెట్టమంటారు?

టేపురోజులు:
ప్రీయాంప్‌కే. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే సిగ్నల్, దాన్ని వెయ్యి రెట్లు పెంచేది ప్రీయాంప్. అక్కడ కలిసిన చెత్త చివరిదాకా వెంటే వస్తుంది, తర్వాత ఏ ప్లగిన్ వేసినా పూర్తిగా పోదు. స్టూడియోల్లో పేరున్న నీవ్ 1073 ప్రీయాంప్ వచ్చింది 1970లో. ఇప్పటికీ దాని నకళ్లు ఇన్ని కంపెనీలు ఎందుకు తయారు చేస్తున్నాయి? లోపలికీ బయటికీ ట్రాన్స్‌ఫార్మర్లు, మధ్యలో క్లాస్ ఏ సర్క్యూట్. కాస్త గట్టిగా నడిపితే గొంతు కింది భాగం చిక్కబడుతుంది. ఇంటర్‌ఫేస్‌లో ఉండే చిన్న చిప్పు ఆ పని చెయ్యదు.

సున్నాడీబీ:
టేపురోజులు గారూ, అడిగింది బుస గురించి, మీరు చెప్తున్నది సౌండ్ రంగు గురించి. రెండూ వేరు. బుస సంగతి లెక్క వేసి చూద్దాం.

ఎస్‌ఎం7బి సెన్సిటివిటీ, అంటే ఇంత శబ్దానికి ఇంత వోల్టేజ్ ఇస్తుందన్న లెక్క, పాస్కల్‌కి -59 డీబీవీ (ఒక వోల్టుతో పోల్చిన డెసిబెళ్లు), అంటే 1.12 మిల్లీవోల్టులు. ఒక పాస్కల్ అంటే 94 డెసిబెళ్ల శబ్దం. ఆడియో స్పెసిఫికేషన్లలో వాడే ఇంకో వోల్టేజ్ కొలత డీబీయూలోకి మారిస్తే మైకు ఇచ్చేది సుమారు -57. ఇప్పుడొస్తున్న మామూలు ఇంటర్‌ఫేస్‌లలో మంచివాటికి ఇన్‌పుట్ నాయిస్, అదే స్పెసిఫికేషన్లలో ఈఐఎన్ అని రాసేది, -128 డీబీయూ దగ్గర ఉంటుంది. తేడా 71. 94లోంచి 71 తీసేస్తే 23. అంటే ఆ ప్రీయాంప్ చేసే రొద, మైకు ముందు 23 డెసిబెళ్ల శబ్దం ఉండటంతో సమానం. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపినా మామూలు ఇంట్లో గది 30కి దిగడమే కష్టం. పక్కన కంప్యూటర్ నడుస్తుంటే 35 దాటినా ఆశ్చర్యం లేదు. ముందు గది మాట్లాడుతోంది, ప్రీయాంప్ దాని వెనక ఎక్కడో ఉంది.

ఇంకొకటి. 150 ఓమ్‌ల రెసిస్టర్ ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నా, మామూలు ఉష్ణోగ్రతలో సుమారు -131 డీబీయూ నాయిస్ పుట్టిస్తుంది. అంత ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉన్న మైకు తగిలించాక ఏ ప్రీయాంపూ దానికంటే కిందికి పోలేదు. -128 నుంచి -131కి ఎంత? మూడు డెసిబెళ్లు. దానికోసం ఇంకో ఇంటర్‌ఫేస్ ఖరీదు, అంతకు పైన కూడా, ఖర్చు పెట్టమంటున్నారు.

పల్లవిచరణం:
లెక్కలు సరే. ఎంత దూరం నుంచి చదువుతున్నారో ఎవరూ అడగరేం? దూరం సగం చేస్తే దాదాపు 6 డెసిబెళ్లు ఊరికే వస్తాయి. 20 సెంటీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్లకు వస్తే 12. ఏ ప్రీయాంపూ ఇవ్వని లాభం ఇది. దగ్గరికొస్తే గొంతు బరువెక్కుతుంది, నిజమే. దానికోసం ఎస్‌ఎం7బి వెనక బాస్ తగ్గించే స్విచ్ ఉంది. ప, బ, భలు దబ్‌మని కొడుతుంటే మైకుని నోటికి తిన్నగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి.

మైకు మార్చమన్నవాళ్ల మాట మాత్రం వినొద్దు. కండెన్సర్ రకం మైకు పెడితే గదంతా లాగేసుకుంటుంది. పక్కింటి కుక్కర్ కూతతో సహా.

టేపురోజులు:
సున్నాడీబీ గారి లెక్కలో తప్పు లేదు, వదిలేసినవి రెండున్నాయి.

ఒకటి, ఆ -128 అన్న అంకె నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు, 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, చాలాసార్లు ఏ-వెయిటింగ్ (చెవికి తక్కువ వినిపించే ఫ్రీక్వెన్సీలను తగ్గించి లెక్కించడం) వేసి కొలిచింది. పాత ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు అక్కడికి రానే రావు.

రెండోది ముఖ్యం. గది శబ్దం ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది: గుయ్‌మనే ఫ్యాన్లు, దూరంగా వెళ్లే బళ్లు. పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ప్రీయాంప్ నాయిస్ అలా కాదు, కింద నుంచి పైదాకా పరుచుకుని ఉంటుంది. మొత్తంగా కూడితే గదిదే ఎక్కువ కావచ్చు, 5, 6 కిలోహెర్ట్జ్ పైన మాత్రం ప్రీయాంప్ బుసే మిగులుతుంది. గుసగుస గారికి వినిపిస్తున్నది బుస అన్నారు, గుయ్ అనలేదు. చెవి అబద్ధం చెప్పదు.

సున్నాడీబీ:
రెండో పాయింట్ బాగుంది, ఒప్పుకుంటున్నా. అయితే దాన్ని ఊహించక్కర్లేదు, తేల్చుకోవచ్చు. గుసగుస గారూ, మైకు కేబుల్‌కి ఉండే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ ప్లగ్ ఒకటి తీసుకుని 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ అతికించండి. మైకు తీసేసి దాన్ని పెట్టి, గెయిన్ కదపకుండా రికార్డ్ చెయ్యండి. అందులో వినిపించేదంతా ఇంటర్‌ఫేస్‌ది. మైకు పెట్టి మౌనంగా రికార్డ్ చేసినదానితో పోల్చండి, అందులో అదనంగా ఉన్నది గది. ఊరికే కేబుల్ పీకేసి వినకండి, ఖాళీ ఇన్‌పుట్ ఇంకా ఎక్కువ రొద చేస్తుంది.

పల్లవిచరణం, "కండెన్సర్ గదంతా లాగేస్తుంది" అన్నది ఎక్కడ చూసినా కనిపించే మాట, ఎంతమంది చెప్పినా నిజం కాలేదు. ఒకే దూరం, ఒకే కార్డియాయిడ్ నమూనా (ముందు శబ్దం ఎక్కువ, వెనకది తక్కువ పట్టడం) ఉంటే, గొంతుకీ గదికీ ఉన్న నిష్పత్తి దాదాపు ఒకటే. కండెన్సర్ సెన్సిటివిటీ ఎక్కువ కాబట్టి రెండూ కలిసి పెద్దగా వస్తాయి. గెయిన్ తగ్గించి గొంతు స్థాయి సమానం చెయ్యండి, గది కూడా అంతే తగ్గుతుంది. జనం దాన్ని ఒక అడుగు దూరం పెట్టుకుని, ఎస్‌ఎం7బిని మూతికి ఆనించుకుని, తర్వాత రెంటినీ పోలుస్తారు.

పల్లవిచరణం:
కాగితం మీద కరెక్టే. కానీ కండెన్సర్‌ని అయిదు సెంటీమీటర్ల దూరంలో పెట్టి పాడి చూడండి, ప్రతి ఊపిరీ, పెదాల చప్పుడూ ముందుకొస్తాయి. అందుకే మనుషులు వెనక్కి జరుగుతారు. జరిగాక గది వస్తుంది. కారణం ఏదైనా, ఫైల్‌లో ఉన్నది గదే కదా?

సున్నాడీబీ:
అది న్యాయమైన మాట. కథలు చదివేవాళ్లకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

గుసగుస:
రెసిస్టర్ టెస్ట్ చేశాను. మైకు పెట్టినప్పుడున్న గుయ్ మొత్తం మాయమైంది. అది కంప్యూటర్ ఫ్యాన్, టేబుల్ కిందే ఉంది. కానీ బుస మాత్రం కొంచెం తగ్గినా మిగిలే ఉంది. అంటే ఇద్దరూ గెలిచారా? నా ఇంటర్‌ఫేస్ కాస్త పాతది, గరిష్ఠ గెయిన్ 56 డెసిబెళ్లని కాగితంలో ఉంది.

సున్నాడీబీ:
ఆ 56 దగ్గరే మీ సమస్య సగం తేలిపోయింది. ఎస్‌ఎం7బికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలని షూర్ కంపెనీయే చెప్తుంది. 2023లో వాళ్లే లోపల ప్రీయాంప్ పెట్టి ఎస్‌ఎం7డీబీ అని ఇంకో మైకు తెచ్చారు, 18 గానీ 28 గానీ డెసిబెళ్లు కలుపుతుంది. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో 56 ఉన్న గెయిన్, నాలుగో తరానికి 69 అయింది. ఇప్పటి ఇంటర్‌ఫేస్ కొనేవాళ్లలో చాలామందికి బూస్టర్ అవసరమే రాదు.

మీ విషయంలో నా వరస ఇది. కంప్యూటర్ గది బయటికో, దూరానికో. మైకుకి దగ్గరగా జరగడం. రికార్డింగ్ స్థాయి -12 డెసిబెళ్ల దగ్గర పీక్ (అత్యధిక స్థాయి) వచ్చేలా పెడితే చాలు, 24 బిట్‌లో రికార్డ్ చేస్తూ ఎర్రలైటు దగ్గరదాకా తేవాలన్న టెన్షన్ అక్కర్లేదు. అప్పటికీ బుస మిగిలితే బూస్టర్ కాదు, మైకు. రోడ్ ఎన్‌టీ1 ఐదో తరం కండెన్సర్ చూడండి: సొంత నాయిస్ 4 డెసిబెళ్లు, సెన్సిటివిటీ పాస్కల్‌కి 25 మిల్లీవోల్టులు. మీ మైకు కంటే 27 డెసిబెళ్లు ఎక్కువ. క్లౌడ్‌లిఫ్టర్ ఇచ్చేది 25. అంటే మైకు మారిస్తే బూస్టర్ ఉచితంగా వచ్చినట్టే, ఇంటర్‌ఫేస్ బుస సోదిలోకి కూడా రాదు. తమాషా ఏమిటంటే ఎన్నో రెట్లు ఖరీదైన న్యూమన్ యూ87 ఏఐ మైకు సొంత నాయిస్ 12.

టేపురోజులు:
యూ87ని నాయిస్ కోసం ఎవడు కొంటాడండీ. అంకెల్లో గెలిచిన మైకు గొంతుకి నప్పాలని రూలేం లేదు. కొందరి స, శ, ష కండెన్సర్‌లో చెవిలో గుచ్చుకుంటాయి, ఎస్‌ఎం7బి వాటిని మెత్తబరుస్తుంది. గుసగుస గారూ, కొనకముందు ఎవరిదైనా అరువు తెచ్చి అదే పేరా రెంటిలో చదవండి. వినేటప్పుడు రెండు ఫైళ్ల స్థాయి సమానం చెయ్యండి, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే బాగుందనిపిస్తుంది. ఎస్‌ఎం7బి నచ్చితే దాన్నే ఉంచుకుని బూస్టర్ తీసుకోండి. 1073 మాట నేనింకా వెనక్కి తీసుకోలేదు, పాటల దగ్గరికొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

గుసగుస:
కంప్యూటర్ ఈరోజే బయటికి పంపిస్తున్నా. తెలిసినవాళ్ల దగ్గర ఎన్‌టీ1 ఉంది, అడుగుతాను. చిన్న సందేహం. నా ఇంటర్‌ఫేస్‌లో కండెన్సర్‌కి కావాల్సిన 48 వోల్టులు (ఫాంటమ్ పవర్) ఇచ్చే బటన్ రెండు ఇన్‌పుట్‌లకీ కలిపి ఒకటే. పక్కన ఎస్‌ఎం7బి ఉంటే దానికేమైనా అవుతుందా? వాయిద్యాలకి వాడే రిబ్బన్ మైకు కూడా ఒకటుంది.

సున్నాడీబీ:
ఎస్‌ఎం7బికి ఏం కాదు. ఫాంటమ్ పవర్ 2, 3 పిన్నుల మీద సమానంగా వస్తుంది, కాయిల్‌లోంచి కరెంట్ పారదు. రిబ్బన్‌కి కూడా కేబుల్ బాగుంటే సూత్రం ప్రకారం ఏమీ కాకూడదు. కానీ కేబుల్‌లో ఒక తీగ తెగినా, షార్ట్ అయినా రిబ్బన్ మైకు లోపలుండే సన్నటి రేకు సాగిపోవచ్చు. దాన్ని తీసేశాకే బటన్ నొక్కండి. ఆపాక కూడా వోల్టేజ్ దిగడానికి కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు రిబ్బన్ తగిలించండి.