బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు, తరువాత షుగర్ మందులు ఎలా వాడాలి?

ప్రశ్న (గుంటూరు జిల్లా, ఉపాధ్యాయురాలు)

నాకు 46 ఏళ్లు. మధుమేహం మొదలై పదకొండేళ్లు దాటింది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. రెండు పూటలా గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, ఉదయం డాపాగ్లిఫ్లోజిన్, రాత్రి పడుకునే ముందు 22 యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్ వాడుతున్నాను. ఇన్ని వాడినా గత నెల హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు, 9.4 వచ్చింది. కడుపును చిన్నది చేసి నేరుగా కింది పేగుకు కలిపే బైపాస్ పద్ధతిలో ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాక, ఆ సగటు 8 లోపుకు దిగితే తప్ప తేదీ ఇవ్వలేమని సర్జన్ గారు చెప్పారు. షుగర్ తగ్గుతుందనే కదా ఆపరేషన్‌కు ఒప్పుకున్నది, ముందే తగ్గించుకుని రమ్మంటే ఇక ఆపరేషన్ దేనికని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. నా దగ్గరా జవాబు లేదు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ద్రవాహారం మీదే ఉండాలని ఒక కాగితం ఇచ్చారు. అందులో ప్రోటీన్ పొడి ఎన్ని చెంచాలో, మజ్జిగ ఎన్ని గ్లాసులో ఉంది గానీ, మాత్రల గురించీ ఇన్సులిన్ గురించీ ఒక్క ముక్క లేదు. మా తోటికోడలు మాత్రం ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి మందులన్నీ చెత్తబుట్టలో వేయవచ్చని, బొబ్బట్లు కూడా తినవచ్చని ధైర్యం చెబుతోంది. అనుభవం ఉన్నవారు, వైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి జవాబు (హైదరాబాద్, నాలుగేళ్ల కిందట బైపాస్ చేయించుకున్న వ్యక్తి)

అమ్మా, మీ ఇంట్లోవారు అడిగిన ప్రశ్నే నేనూ మా సర్జన్‌ను కాస్త కోపంగానే అడిగాను. ఆయన చెప్పినదేమిటంటే, షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కోసి కుట్టిన చోట త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది, పైగా ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ ఇంకా ఎగబాకుతుంది. కడుపునూ పేగునూ కలిపి వేసే కుట్టు విషయంలో అలాంటి జూదం ఆడలేమన్నారు. నాకు 9.8 నుంచి 7.7కు రావడానికి పది వారాలు పట్టింది.

నేను అసలు చెప్పదలచుకున్నది ద్రవాహారం సంగతి. కాలేయంలో పేరుకున్న కొవ్వు కరిగి అది చిన్నదైతే, దాన్ని పక్కకు జరిపి కడుపును అందుకోవడం సర్జన్‌కు తేలికవుతుందని ఆ రెండు వారాల ఆహారం పెడతారు. తిండి ఒక్కసారిగా మూడో వంతుకు పడిపోయింది కానీ, నేను మాత్రలు పాత చీటీ ప్రకారమే వేసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం బ్యాంకులో వరుసలో నిలబడి ఉండగా అరచేతులు చెమటతో తడిసి, ఎదురుగా ఉన్న టోకెన్ నంబరు రెండుగా కనిపించింది. సంచిలో ఉన్న మీటరు తీసి చూస్తే 54. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్లీ చూస్తే 81కి వచ్చింది. గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేస్తే ఆ మాత్ర పూర్తిగా ఆపి, ఇన్సులిన్ సగానికి తగ్గించారు. ఆ మాట మూడు రోజుల ముందే చెప్పి ఉండవచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇన్సులిన్ లేకుండానే పరగడుపున 118 వచ్చింది. అప్పటికి తగ్గిన బరువు రెండు కిలోలు కూడా లేదు.

రెండవ జవాబు (మధుమేహ రోగులను చూసే ఫిజీషియన్)

పై మిత్రుడు చూసిన ఆ 118 వెనుక కారణం ఉంది. తిండి బాగా తగ్గడం ఒక కారణమైతే, ఆహారం కడుపులో ఎక్కువ భాగాన్నీ చిన్నపేగు మొదటి భాగాన్నీ దాటుకుని నేరుగా కింది పేగుకు చేరడం వల్ల ఇన్సులిన్ విడుదలను పెంచే జీఎల్‌పీ1 అనే హార్మోను అనేక రెట్లు పెరగడం మరొకటి. అందుకే బరువు కన్నా ముందు షుగర్ దిగుతుంది, మందుల మోతాదు కూడా వారాలలో కాక రోజులలో మార్చవలసి వస్తుంది.

అయితే, అమ్మా, మీ చీటీలో నన్ను కలవరపెట్టినది గ్లిమిపిరైడ్ కన్నా డాపాగ్లిఫ్లోజిన్. ఈ మాత్ర షుగర్‌ను మూత్రంలోకి పంపుతుంది. తిండి, ముఖ్యంగా పిండిపదార్థం తగ్గి, శరీరంలో ఇన్సులిన్ కూడా తగ్గిన సమయంలో దీన్ని వాడుతూ ఉంటే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. మీటరులో 160 మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అవి ఆపరేషన్ వల్లనేనని అందరూ అనుకుంటారు, రోగి కూడా. ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు దీన్ని ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచనలు మార్చింది. ద్రవాహారం పెట్టే చోట ఆ ఆహారం మొదలైన రోజు నుంచే ఆపించడం నా పద్ధతి. మీరు ఇది చదివి సొంతంగా ఏదీ మార్చవద్దు. రేపు ఉదయమే మీ వైద్యుడికి ఫోన్ చేసి, మాత్ర పేరు చెప్పి అడగండి, మత్తు డాక్టరుకు కూడా తప్పక చెప్పండి.

ఇన్సులిన్‌ను తగ్గించాల్సిందే గానీ, ఆపరేషన్ అయింది కదా అని మీ అంతట మీరు పూర్తిగా మానకూడదు. పదకొండేళ్ల మధుమేహంలో క్లోమం శక్తి ఎంత మిగిలిందో తెలియాలి, అందుకు సీ పెప్టైడ్ అనే రక్తపరీక్ష కొంత ఉపయోగపడుతుంది. మెట్‌ఫార్మిన్ సాధారణంగా కొనసాగుతుంది. అయితే నెమ్మదిగా కరిగే పెద్ద మాత్రకు బదులు మామూలు రకం అడగండి. నెమ్మదిగా కరిగే మాత్రను పొడి చేసి మింగితే ఒకేసారి విడుదలవుతుంది కాబట్టి అలా చేయవద్దు. బైపాస్ వల్లా, దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ వాడకం వల్లా బీ12 తగ్గుతుంది, మీకు రెండూ ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష ఏటా చేయించాలి. ఎక్కువ కాలంగా అధికంగా ఉన్న షుగర్ ఒక్కసారిగా పడిపోతే కంటి రెటీనా జబ్బు ముదిరే అవకాశం ఉంది, అందువల్ల ఆపరేషన్‌కు ముందే కంటి పరీక్ష పూర్తి చేసుకోండి. మీ వయసు స్త్రీలలో రక్తహీనత ఎక్కువగా చూస్తుంటాను. ఇనుము లోపం ఉంటే మూడు నెలల సగటు ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు, మీ 9.4ను హిమోగ్లోబిన్‌తో కలిపి చూడమని అడగండి.

మందులు చెత్తబుట్టలో వేయడం గురించి. మందులు ఆపిన తరువాత కనీసం మూడు నెలలు సగటు 6.5 కన్నా తక్కువగా ఉంటేనే మధుమేహం వెనక్కు తగ్గిందని 2021లో నిపుణుల సంఘాలు నిర్వచించాయి. నయమైంది అనే మాటను వారు కావాలనే వాడలేదు. స్వీడన్‌లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనిస్తే, రెండేళ్ల నాటికి సుమారు 72 శాతం మందిలో మధుమేహం వెనక్కు తగ్గింది, పదిహేనేళ్లకు అది సుమారు 30 శాతానికి వచ్చింది. క్లీవ్‌లాండ్ క్లినిక్ నేతృత్వంలో 150 మందిపై జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్లకు సగటు 6 లేదా అంతకు తక్కువగా ఉన్నవారు బైపాస్‌లో 29 శాతం, కడుపులో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ పద్ధతిలో 23 శాతం, మందులతోనే చికిత్స పొందినవారిలో 5 శాతం. ఇన్సులిన్ వాడేవారిలో, పదేళ్లు దాటినవారిలో పూర్తిగా మందులు మానగల అవకాశం తక్కువ. అలాగని నేను వద్దనడం లేదు. 22 యూనిట్లూ మూడు రకాల మందులూ కలిసి ఒక్క మెట్‌ఫార్మిన్‌గా మిగిలినా, కిడ్నీలకూ కళ్లకూ అది చిన్న లాభం కాదు.

మూడవ జవాబు (డాలస్, ఆరేళ్ల కిందట బైపాస్ చేయించుకున్న మహిళ)

బొబ్బట్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆపరేషన్ అయిన రెండేళ్లకు, అన్ని మందులూ మానేసిన కాలంలో, విజయవాడలో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి వచ్చాను. ఖాళీ కడుపుతో రెండు బొబ్బట్లు తిన్నాను. చేతికి అంటించుకున్న గ్లూకోజ్ సెన్సర్ ముప్పావుగంటలో 214 చూపించింది, ఇంకో గంటకు 49. చేతులు వణికి, చీర కుచ్చిళ్లు సర్దుకోలేక కుర్చీలో కూలబడ్డాను. అందరూ ఎండ దెబ్బ అనుకుని నిమ్మరసంలో చక్కెర కలిపి ఇచ్చారు. అది తాగి తేరుకున్నాను గానీ గంటన్నరకు మళ్లీ అదే పరిస్థితి. తీపి పేగులోకి ఒక్కసారిగా చేరితే ఇన్సులిన్ వరదలా వస్తుందని, బైపాస్ చేయించుకున్న కొందరిలో ఏడాది దాటాక ఇది మొదలవుతుందని మా వైద్యురాలు తరువాత చెప్పారు.

అప్పటి నుంచి ముందు గుడ్డో పప్పో తిని, తరువాత కూర, చివరికి నాలుగు ముద్దల అన్నం తింటున్నాను. అన్నంతో పాటు నీళ్లు తాగను, అరగంట ఆగుతాను. పిండిపదార్థం, పంచదార నెమ్మదిగా జీర్ణమయ్యేలా చేసే అకార్బోజ్ మాత్ర కూడా నాకు ఇచ్చారు. దాన్ని వాడేవారు షుగర్ పడిపోయినప్పుడు పంచదార, బెల్లం తింటే త్వరగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే తీసుకోవాలి. ఇంకొక సంగతి, బైపాస్ తరువాత గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష ఎవరైనా రాస్తే, మీకు ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి. నాకు ఒక ల్యాబులో ఆ నీళ్లు తాగించాక కళ్లు తిరిగి బల్ల మీద పడుకోబెట్టవలసి వచ్చింది.

ప్రశ్న వేసినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం ఫోన్ చేశాను. ద్రవాహారం మొదలుపెట్టే రోజు నుంచి డాపాగ్లిఫ్లోజిన్, గ్లిమిపిరైడ్ రెండూ ఆపమన్నారు, విడిగా మామూలు మెట్‌ఫార్మిన్ రాశారు. ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో నేను రోజూ పంపే నాలుగు రీడింగులు చూసి చెబుతామన్నారు. ఆ కాగితంలో ఇవన్నీ ఎందుకు లేవని అడిగితే, అది అందరికీ ఇచ్చే కాగితమేనన్నారు. నా హిమోగ్లోబిన్ 9.6 అని పాత రిపోర్టులో ఉంది, ఐరన్ పరీక్షలకు రాశారు. గురువారం కంటి డాక్టరు దగ్గరకు వెళుతున్నాను. మూడవ జవాబును మా తోటికోడలికి చదివి వినిపించాను. ఒక్క బొబ్బట్టయితే ఫరవాలేదా అని కనుక్కోమంటోంది.