పొట్ట తగ్గలేదు, చేతులు సన్నబడ్డాయి: కార్డియోనా, వెయిట్సా?

నైట్‌షిఫ్ట్_మియాపూర్
వయసు 34, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. జనవరిలో 82 కిలోలు, ఇప్పుడు 75. రోజూ ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు పరుగు, రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు. ఏడు కిలోలు తగ్గినా పొట్ట అలాగే ఉంది. చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. మొన్న అమ్మ చూసి "ఒంట్లో బాగుండట్లేదా నాన్నా, ముఖం పీక్కుపోయింది" అంది. వెయిట్స్ మొదలుపెడదామనుకుంటున్నా. ముందు ఏది చేయాలి? వారానికి ఎన్ని రోజులు? మెట్లు దిగుతుంటే కుడి మోకాలు నొప్పి పెడుతోంది, పరుగు ఆపాలా?

సిక్కోలు_లిఫ్టర్
ట్రెడ్‌మిల్ ఆపెయ్ తమ్ముడూ. బరువులెత్తకుండా తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నీకు జరిగింది అదే. నేను 16 ఏళ్లుగా ఇనుము పడుతున్నా, జిల్లా పోటీల్లో పతకాలున్నాయి. 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మా జిల్లా అమ్మాయి. బలం ఎలా వస్తుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. స్క్వాట్ (భుజాల మీద రాడ్డుతో గుంజీ), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డు పైకెత్తడం), బెంచ్ (పడుకుని రాడ్డు పైకి నెట్టడం) పట్టుకో. కార్డియో, అంటే పరుగు, సైకిల్ లాంటివి, కండని తినేస్తుంది, 1980లోనే హిక్సన్ అనే శాస్త్రవేత్త పరిశోధన చేసి తేల్చాడు.

ఆర్కే_బీచ్_రన్నర్
అన్నా, ఆ పరిశోధన పూర్తిగా చెప్పండి. అందులో పాల్గొన్నవాళ్లు వారానికి 5 రోజులు బరువులెత్తారు, 6 రోజులు పరుగు, సైకిల్ చేశారు. అంత చేసినా మొదటి ఏడు వారాలు బలం పెరుగుతూనే వచ్చింది, చివర్లో తగ్గింది. మియాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే మనిషికీ దానికీ ఏమిటి సంబంధం? నేను మూడు రోజులు పరిగెత్తి, రెండు రోజులు వెయిట్స్ చేస్తా. ఏడాదిలో నా స్క్వాట్ 40 నుంచి 70 కిలోలకు వచ్చింది. గుండెకు పని చెప్పకుండా ఎంత కండ పెంచితే ఏం లాభం?

కోనసీమ_కుర్రాడు
అన్నం మానేసి చపాతీ అంటారేంటండీ! 100 గ్రాముల బియ్యం, 100 గ్రాముల గోధుమపిండి, రెండూ ఇంచుమించు 350 కేలరీలే. మా తాతగారు మూడు పూటలా అన్నమే తిన్నారు, 80 ఏళ్లకీ పొట్ట లేదు.

కేబీఆర్_వాకర్
మీ తాతగారు పొద్దస్తమానం పొలంలో ఉండేవారు కదండీ. ఇతను కుర్చీలో తొమ్మిది గంటలు కూర్చుంటాడు. చపాతీ అయితే లెక్క తెలుస్తుంది, అన్నం మారు వడ్డించుకుంటూనే ఉంటాం. నాకు షుగర్ అదుపులోకి వచ్చింది చపాతీతోనే.

కోనసీమ_కుర్రాడు
లెక్క తెలియకపోవడం అన్నం తప్పా? కప్పుతో కొలుచుకోండి. మా ఇంట్లో చపాతీ అంటే ఒక్కోదానికి చెంచాడు నూనె. ఊరికే అన్నాన్ని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది.

సిక్కోలు_లిఫ్టర్
ఇద్దరూ ఆపండి. అసలు ప్రోటీన్ ఏదీ? మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని మన తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల లెక్క. బరువులెత్తేవాడికి 1.6 దాకా కావాలి. 75 కిలోలకు 120 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములే వస్తాయి. రెండు చపాతీలు, కాస్త పప్పుతో కండ ఎక్కడి నుంచి వస్తుంది?

వరంగల్_టీచరమ్మ
నాకు 43. రెండేళ్లు జిమ్‌లో నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించి, చేతికి రెండు కిలోల డంబెల్ ఇచ్చి వదిలేశారు. "ఆడవాళ్లకి ఇంతే మేడం" అనేవారు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. జిమ్ మారాక కొత్త కోచ్ ఖాళీ రాడ్డుతో డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టించింది. వంగినప్పుడు నడుము గుండ్రంగా అయితే చాలు, వెంటనే రాడ్డు దించమనేది. ఎనిమిది నెలలకు 55 కిలోలు ఎత్తాను. పోయిన వారం నిండు గ్యాస్ సిలిండర్ వాకిట్లోంచి వంటింట్లోకి నేనే మోసుకెళ్లా. మా అబ్బాయి నోరు తెరిచి చూశాడు. బరువు తగ్గింది మూడు కిలోలే, జాకెట్లన్నీ మాత్రం కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది.

ఆర్కే_బీచ్_రన్నర్
అక్కా, సూపర్. కానీ లిఫ్టర్ అన్న ఇంకా ఒప్పుకోలేదు, కార్డియో కండని తింటుందన్న మాట తప్పని.

సిక్కోలు_లిఫ్టర్
అతి చేస్తే తింటుంది. ఆ మాట మీదే ఉన్నా. నువ్వు పోటీలో నిలబడి మాట్లాడు.

ఆర్కే_బీచ్_రన్నర్
పతకాలు చూపించి నోరు మూయిస్తే ఎలా అన్నా? ఇక్కడ అడిగింది పోటీల గురించి కాదు.

నైట్‌షిఫ్ట్_మియాపూర్
దయచేసి గొడవ పడకండి. మోకాలి సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున షిఫ్ట్ అయ్యాక మూడంతస్తులు దిగాలంటే టెన్షన్‌గా ఉంది.

వరంగల్_టీచరమ్మ
వాపు ఉన్నా, మధ్యలో పట్టేసినా ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు తమ్ముడూ. నాది తొడల్లో బలం లేక వచ్చిన నొప్పి. కుర్చీ మీదికి మెల్లగా కూర్చుని లేవడం, పది చొప్పున మూడుసార్లు. రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా పరుగు బదులు సైకిల్ తొక్కాను.

నైట్‌షిఫ్ట్_మియాపూర్
వాపు లేదక్కా. సోమ, బుధ, శుక్రవారాలు ముందు వెయిట్స్, తర్వాత 20 నిమిషాలు సైకిల్. మిగతా రోజుల్లో నడక. రాత్రి కొలిచి ఒక కప్పు అన్నం, మూడు గుడ్లు. టేపు పెట్టి చూసుకుంటే నడుము 96 సెంటీమీటర్లు ఉంది, మగవాళ్లకి 90 దాటకూడదంటారు కదా. బరువు బదులు ఇక అదే చూసుకుంటా.

సిక్కోలు_లిఫ్టర్
సైకిల్ 20 నిమిషాలకి నాకూ అభ్యంతరం లేదు. స్క్వాట్‌కి మాత్రం ఆ మెత్తటి పరుగు బూట్లు వేసుకోకు, మడమ ఊగుతుంది. అడుగు చదునుగా ఉన్నవి వేసుకో.