ముందుకాలు తీసేసిన కుక్కను ఇంట్లో చూసుకోవడం గురించి

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. పిల్లగా ఉన్నప్పుడు మా వీధిలో దొరికి, అప్పటి నుంచి మా ఇంట్లోనే పెరుగుతున్న నాటు కుక్క చిట్టిని ఇటీవల రోడ్డు దాటుతుండగా ఒక వాహనం ఢీకొట్టింది. ఎముకలు విరగలేదు గానీ భుజం దగ్గర నరాలు తెగిపోవడంతో కుడి ముందుకాలికి స్పర్శ, కదలిక రెండూ పోయాయి. ఆ కాలు ఈడ్చుకుంటూ నడవడం వల్ల పాదం పైభాగం నేలకు రాసుకుని పుండు పడింది. ఇక ఆ కాలు కోలుకోదని తేల్చి, భుజపు రెక్క ఎముకతో సహా మొత్తం తీసేసి, మొన్న సాయంత్రం ఇంటికి పంపించారు. మెలాక్సికామ్, గాబాపెంటిన్ అనే నొప్పి మందులు, ఒక యాంటీబయాటిక్ రాసిచ్చారు.

రాత్రంతా మూలుగుతోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి మలవిసర్జన చేయలేదు. కుట్ల కింద నుంచి పొట్ట వరకు చర్మం నల్లబడినట్టు, ఊదారంగుగా కమిలిపోయి ఉంది. కుట్ల దిగువన మెత్తగా ఒక ఉబ్బు కూడా కనిపిస్తోంది. లేవబోయి జారిపడుతోంది. ఎత్తుకుని తిప్పాలా, కదలనీయకుండా పడుకోబెట్టాలా అన్నది తెలియడం లేదు. మా మామగారు గాయం మీద పసుపు, కొబ్బరినూనె రాయమంటున్నారు. ఇంకొక సందేహం: కాలు తీసిన వైపే, అంటే కుడి కంట్లో, పాప చిన్నదిగా, రెప్ప కొంచెం వాలినట్టుగా ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు)

నమస్కారం అండి. మా రాట్‌వైలర్‌కు ఎముక క్యాన్సర్ రావడంతో వెనక కాలు తీయించాము. మీది ముందుకాలు కాబట్టి కొన్ని విషయాలు వేరుగా ఉంటాయి, వాటిని డాక్టర్లు చెబితేనే బాగుంటుంది. నేను చెప్పదలచుకున్నది నేల గురించి. జారిపడుతోందని రాశారు కదా, ఆ సమస్యలో కాలు లేకపోవడం కంటే టైల్స్ పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. మన ఇళ్లలో పరిచే నున్నటి టైల్స్, గ్రానైట్ మీద నాలుగు కాళ్ల కుక్కలే జారుతుంటాయి, అలాంటిది మూడు కాళ్ల మీద సమతూకం నేర్చుకుంటున్న జీవికి అవి ఎంత కష్టమో ఆలోచించండి. ఒకటి రెండుసార్లు గట్టిగా పడితే భయం పట్టుకుని అసలు లేవడమే మానేస్తుంది, దాన్ని మనం నీరసమనో దిగులనో అనుకుంటాం.

అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి బయటికి వెళ్లే గుమ్మం దాకా ఒక దారిలాగా వరుసగా ఏదైనా పరవండి. అడుగున రబ్బరు ఉన్న డోర్‌మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు, ఏవీ లేకపోతే గోనెపట్టాలను అంచులు టేపుతో నేలకు అంటించి వాడినా సరిపోతుంది. దుప్పట్లు, చీరలు మాత్రం పరవవద్దు, అవి కాలి కింద ముడుచుకుని జారతాయి. పాదాల అడుగున మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలను కత్తిరించి, గోళ్లు తీయిస్తే పట్టు బాగా దొరుకుతుంది. మేజోళ్లు తొడగమని కొందరు సలహా ఇస్తారు, మా అనుభవంలో అవి మెలికపడి ఇంకా ఇబ్బంది పెట్టాయి.

ఎత్తుకుని తిప్పకండి. మూత్రానికి వెళ్లాల్సినప్పుడు ఛాతీ కింద నుంచి ఒక టవల్ వేసి, బరువు మొత్తం మనం మోయకుండా, పడబోతే ఆపేంత మాత్రమే పట్టుకోండి. తన బరువును తాను ఆపుకోవడం అది నేర్చుకోవాలంటే అవకాశం ఇవ్వాలి.

జవాబు (తిరుపతి నుంచి, పదవీ విరమణ చేసిన పశువైద్యుడు)

అమ్మా, ముందుగా కంటి సంగతి చెబుతాను. ముందుకాలికి వెళ్లే నరాలన్నీ మెడ చివర, ఛాతీ మొదట్లో ఉండే వెన్నుపాము భాగం నుంచి బయలుదేరి, భుజం లోపల ఒక జాలంగా కలుస్తాయి. వాహనం ఢీకొన్నప్పుడు కాలు ఒక్కసారిగా వెనక్కో పక్కకో లాగబడి ఆ నరాల మూలాలు తెగిపోతాయి. కంటిపాపను పెద్దది చేసే నరపు పోగులు కూడా దాదాపు అదే చోట వెన్నుపాము నుంచి బయటికి వస్తాయి కాబట్టి, మూలాల దగ్గరే తెగినప్పుడు అదే వైపు కంటిపాప చిన్నబడి, రెప్ప వాలి, కుక్కలకు కంటి లోపలి మూలలో ఉండే మూడో రెప్ప కాస్త పైకి రావచ్చు. దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారు. చూపు పోదు, దానికి చుక్కలమందు అవసరం లేదు. అయితే కన్ను ఎర్రబడినా, నీరు కారుతున్నా, మబ్బుగా మారినా అది వేరే సమస్య, చూపించాలి.

ఊదారంగు కమిలిన మచ్చ గురించి భయపడవద్దు. పెద్ద కండరాలను కోసినప్పుడు చర్మం కింద కొంత రక్తం చేరుతుంది, అది తన బరువుకు పొట్ట వైపు జారుతుంది కాబట్టి గాయానికి దూరంగా కూడా కమిలినట్టు కనిపిస్తుంది. మొదటి కొన్ని రోజులు ముదిరినట్టే ఉండి, తర్వాత పచ్చబడి మాసిపోతుంది. కుట్ల కింద మెత్తటి ఉబ్బు చాలావరకు అక్కడ ఖాళీ అయిన చోట చేరే పలచటి నీరే అయి ఉంటుంది. కుక్క ఎక్కువగా కదిలినప్పుడు అది పెరుగుతుంది, చిన్నదైతే దానంతట అదే ఇంకిపోతుంది. ఇంట్లో సూదితో గుచ్చి తీసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. రోజూ ఒకే వేళకు ఫొటో తీసి పెట్టుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో మీకే తెలుస్తుంది.

ఆగకుండా రక్తం కారడం, చీము, దుర్వాసన, తాకితే వేడిగా గట్టిగా ఉండటం, కుట్లు విడిపోవడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, ఒక రోజు దాటినా ఏమీ తినకపోవడం కనిపిస్తే వెంటనే ఆపరేషన్ చేసినవారికి చూపించండి. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత మనకంటే ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. చేత్తో తాకి వేడిగా ఉందని జ్వరమనుకోవద్దు, థర్మామీటరులో 103 దాటితేనే ఫోన్ చేయండి.

మీ మామగారికి నా మాటగా చెప్పండి, కుట్ల మీద పసుపు వద్దు, నూనె అసలే వద్దు. నూనె తడికి కుట్లు నానతాయి, దుమ్ము అంటుకుంటుంది, పైగా ఆ రుచికి కుక్క నాకడం మొదలుపెడుతుంది. మన వాతావరణంలో నేను ఎక్కువగా భయపడేది ఈగలకు. తడిగా ఉన్న గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. గాయాన్ని పొడిగా ఉంచి, పగలు ఫ్యాను కింద లేదా దోమతెరలో పడుకోబెట్టండి. ఈగలను తరిమే స్ప్రేలు మందుల షాపులో దొరుకుతాయి గానీ, కొత్త కుట్ల మీద నేరుగా కొట్టే ముందు మీ డాక్టరును అడగండి. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు, అప్పటిదాకా స్నానం లేదు. మెడకు కోన్ (గాయాన్ని నాకకుండా ఆపే గరాటు లాంటిది) వేసే ఉంచండి. దానికి ఇష్టం లేదని జాలిపడి తీస్తే, ఎవరూ చూడని పది నిమిషాల్లో కుట్లన్నీ ఊడదీసుకోగలదు.

మలవిసర్జన మూడు నాలుగు రోజులు లేకపోవడం సాధారణమే. ఆపరేషన్‌కు ముందు ఖాళీ కడుపుతో ఉంచుతారు, తర్వాత తిండి తక్కువ, కొన్ని నొప్పి మందులు పేగుల కదలికను నెమ్మది చేస్తాయి. నీళ్లు బాగా తాగించండి, ఉడికించిన తీపి గుమ్మడికాయ రెండు చెంచాలు అన్నంలో కలపండి. ముక్కుతున్నా రాకపోతే మాత్రం ఆగవద్దు.

జవాబు (గుంటూరు నుంచి ఒక సభ్యురాలు)

రాత్రి మూలుగు గురించి నా మాట. మా కుక్కకు చెయ్యి విరిగినప్పుడు ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర సగం వేసేవాళ్లం, తగ్గేది. మీరు కూడా ప్రయత్నించవచ్చు. డైక్లోఫెనాక్ జెల్ కూడా చుట్టూ రాయవచ్చేమో.

జవాబు (తిరుపతి పశువైద్యుడు)

అమ్మా, మీరు మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కానీ దయచేసి ఈ సలహాను ఎవరూ పాటించవద్దు. చిట్టికి ఇప్పటికే మెలాక్సికామ్ నడుస్తోంది. దానితో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి అదే జాతి మందు ఇంకొకటి చేరితే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జెల్ అయినా నాకితే లోపలికే వెళుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయం పాడవుతుంది, ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఒక్క మాత్ర కూడా ప్రాణాంతకమే. మెలాక్సికామ్ ఖాళీ కడుపున ఇవ్వకూడదు. వాంతులు, నల్లటి మలం కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి డాక్టరుకు చెప్పాలి.

మూలుగులో రెండు రకాలు ఉంటాయి. మత్తుమందు ప్రభావం పూర్తిగా దిగని మొదటి రోజుల్లో ఊరికే మూలుగుతూ అయోమయంగా చూస్తుంది. నొప్పితో మూలిగే కుక్క పడుకోలేదు, ఆయాసపడుతుంది, వణుకుతుంది, గాయం వైపు చూస్తుంది. రెండోది కనిపిస్తే మందు మోతాదును, వేళలను సరిచేయమని అడగండి, కుక్క ఓర్చుకోవాలి అనే మాటకు తావు లేదు. హాయిగా పడుకున్నదల్లా ఉన్నట్టుండి కెవ్వున అరచి, లేని కాలు ఉన్న చోటును తిరిగి చూస్తే అది తెగిన నరాల నుంచి వచ్చే నొప్పి కావచ్చు. గాబాపెంటిన్ ఇచ్చింది ముఖ్యంగా అందుకే. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. మాత్ర మింగడం లేదని మనుషుల గాబాపెంటిన్ సిరప్ కొనేముందు జైలిటాల్ ఉందేమో చూడండి, ఆ తీపి పదార్థం కుక్కలకు విషం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

డాక్టరుగారూ, హైదరాబాద్ అన్నగారూ, చాలా కృతజ్ఞతలు. ఈ రోజు మ్యాట్లు పరిచాము. గుమ్మం దాకా తానే గెంతుతూ వెళ్లి కూర్చుంది. రాత్రి మందు వేళ మార్చమని డాక్టరును అడిగాము, నిద్ర పట్టింది. ఇంకా రెండు మూడు సందేహాలు ఉన్నాయి. కృత్రిమ కాలు పెట్టించవచ్చా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. మేము ఉండేది మేడ మీద, మెట్లు ఎప్పటి నుంచి ఎక్కనివ్వాలి? తిండి ఇప్పుడు ఎక్కువ పెట్టాలా? బలం కోసం నేతి అన్నం పెడుతున్నాము.

జవాబు (తిరుపతి పశువైద్యుడు)

కృత్రిమ కాలుకు ఆనడానికి కొంత కాలు మిగిలి ఉండాలి. చిట్టికి రెక్క ఎముకతో సహా తీశారు కాబట్టి అది కుదరదు. స్పర్శ లేని ముక్కను మిగిల్చి ఉంటే అది నేలకు తగిలి మళ్లీ పుండు పడేది, అందుకే పై నుంచి తీయడం మంచి నిర్ణయం. చాలా కుక్కలకు కృత్రిమ కాలు అవసరం కూడా రాదు.

నాలుగు కాళ్ల మీద నిలబడిన కుక్క తన బరువులో దాదాపు 60 శాతాన్ని ముందుకాళ్ల మీద మోస్తుంది. మీ చిట్టి 20 కిలోలు ఉందనుకుంటే అందులో 12 కిలోలు ముందు భాగానివే, ఇకపై అందులో చాలా భాగం ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. అందుకే నేతి అన్నం ఆపమంటున్నాను. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, కొవ్వు కాదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొంచెం అన్నం పెట్టండి. కూరలో ఉల్లిపాయ, ఎముకలు ఉండకూడదు. పక్కటెముకల మీద చెయ్యి పెడితే నొక్కకుండానే వేళ్లకు తెలియాలి, పై నుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు బిస్కెట్లు వేసే అలవాటు ఉంటే దాన్ని మాన్పించడం మందులు వేయడం కంటే కష్టం, కానీ మూడు కాళ్ల కుక్క కీళ్లను కాపాడేది అదే.

గిన్నెను పీట మీద పెట్టి ఛాతీ ఎత్తుకు తెండి. నేల మీది గిన్నె కోసం తల వంచితే బరువంతా ముందుకు పడి తూలుతుంది.

మెట్ల విషయంలో ఎక్కడం కంటే దిగడం కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ శరీర భారం ఆ ఒక్క ముందుకాలి మీదికి దూకుతుంది. కుట్లు తీసేవరకు ఎత్తుకునే దింపండి. గాయాన్ని నొక్కకుండా ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొకటి తొడల వెనక ఉండాలి. ఆ తర్వాత కూడా మనిషి పక్కన ఉండగా, ఛాతీ కింద వేసిన పట్టీ సాయంతో, నెమ్మదిగా అలవాటు చేయండి. మంచం మీద నుంచి దూకడాన్ని మాత్రం ఎప్పటికీ ప్రోత్సహించవద్దు.

నడక కూడా అంతే. మొదట ఇంటి ముందు అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ముందుకాలు లేని కుక్క ప్రతి అడుగుకూ తల పైకి ఎగరేసి గెంతుతుంది కాబట్టి మెడపట్టీ పట్టి లాగితే ఆ లయ చెడి పడిపోతుంది. గాయం మానాక ఛాతీకి తొడిగే మెత్తటి హార్నెస్ కొనండి. వేసవిలో పొద్దున్నే, చీకటి పడ్డాకే తిప్పండి.

జవాబు (హైదరాబాద్ సభ్యుడు)

ఒక చిన్న చేర్పు. వీధిలో తెలిసిన కుక్కలే అయినా ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఎదురుపడినప్పుడు ఆస్పత్రి వాసనకు, కొత్త నడకకు బెదిరి మీద పడవచ్చు. కొంతకాలం ఒంటరిగానే తిప్పండి. వీధివారు అయ్యో పాపం అంటూ ఆపి తిండి పెట్టబోతారు, వారికి మర్యాదగా వద్దని చెప్పడానికి కూడా సిద్ధంగా ఉండండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

తప్పకుండా అండి. చివరిగా ఒక్క సందేహం. కుట్లు తీశాక కూడా ఏడాదికోసారి చూపించాలా, లేక ఇబ్బంది వస్తేనే తీసుకువెళ్లాలా?

జవాబు (తిరుపతి పశువైద్యుడు)

చూపించాలమ్మా. మిగిలిన ముందుకాలి మోచెయ్యి, మణికట్టు, వెన్ను, వీటిని ఆరు నెలలకోసారి చేత్తో పరీక్షించి, తూకం వేయించండి. గోళ్లు రెండు మూడు వారాలకోసారి తీయించాలి, పెరిగితే పాదం వంకరగా ఆనుతుంది. మీకు దగ్గరలో గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది కదా, అక్కడికైనా తీసుకువెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు చిట్టి మామూలుగా నడుస్తున్న వీడియో ఒకటి ఇంటి దగ్గరే తీసి పట్టుకువెళ్లండి. ఆస్పత్రిలో భయానికి ఏ కుక్కా తన అసలు నడక నడవదు.