చెన్నై ఫుట్‌పాత్ మీద కుటుంబాలు: ఖాళీ చేయించమని సంతకం పెట్టాలా?

చూళై_వాసి:
నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె, పదకొండేళ్ళుగా చెన్నై చూళైలో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్ వెనక ఫుట్‌పాత్ మీద ఏడు కుటుంబాలు టార్పాలిన్లు కట్టుకుని ఉంటున్నాయి. వంట అక్కడే, స్నానం అక్కడే, పిల్లలు వీధి దీపం కింద హోంవర్క్ చేసుకుంటారు. మొన్న అసోసియేషన్ మీటింగులో వాళ్ళను తీసేయమని కార్పొరేషన్‌కు ఫిర్యాదు రాశారు, ఆ కాగితం సంతకం కోసం ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

అందులో రాసింది అబద్ధం కాదు. మా అత్తగారికి 74 ఏళ్ళు, కర్ర పట్టుకుని నడుస్తారు, ఫుట్‌పాత్ మీద చోటు లేక రోడ్డు మీదికి దిగితే పోయిన నెల ఆటో తగిలి పడ్డారు. మా ఆయన సంతకం పెట్టమంటున్నారు. అత్తగారేమో వద్దంటున్నారు, అక్కడ పూలు కట్టే ఆమె దగ్గర రోజూ మల్లెపూలు కొంటారు, ఆమె పుట్టింది కూడా ఆ ఫుట్‌పాత్ మీదేనట. ఇంకొకామె ఒంటరిగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడదు, రాత్రిళ్ళు అరుస్తుంది. వీళ్ళందరినీ ఎక్కడికి పంపుతారు? తెలిసినవాళ్ళు చెప్పండి, వారం రోజులుగా ఇదే టెన్షన్.

ఆదివారం_వాలంటీర్:
అత్తగారికి ఇప్పుడెలా ఉందండీ? నేను నాలుగేళ్ళుగా ఇక్కడి పారీస్ కార్నర్ దగ్గర ఒక కాప్పగంలో ఆదివారాలు పనిచేస్తున్నాను, నైట్ షెల్టర్‌ను ఇక్కడ కాప్పగం అనే అంటారు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు పెట్టాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల ప్రకారం విస్తరించిన చెన్నై కార్పొరేషన్ జనాభా 66 లక్షల పైమాటే, అంటే కనీసం 66 ఉండాలి.

అసలు చిక్కు ఆ సంఖ్యలో కూడా లేదు. ఉన్న షెల్టర్లలో చాలావరకు మగవాళ్ళకు వేరు, ఆడవాళ్ళకు వేరు, పెద్దాసుపత్రుల దగ్గర రోగుల బంధువులకు వేరు. మొగుడూ పెళ్ళాం పిల్లలూ కలిసి ఉండగలిగేవి చాలా తక్కువ. మీరు చెప్పిన పూలు కట్టే ఆమెను రమ్మంటే, భర్త ఉంటే ఆయన్ని ఒకచోట, ఎదిగిన కొడుకుంటే వాణ్ణి ఇంకోచోట వదిలి రావాలి, వంటసామాను, పూలబుట్ట పెట్టుకోవడానికి చోటుండదు. ఎవరొస్తారు చెప్పండి? రాకపోతే, చోటిచ్చినా వద్దన్నారని రాసేస్తారు.

ఒంటరిగా ఉన్నామె సంగతి వేరు, దాన్ని ఈ ఫిర్యాదులో కలపకండి. మానసిక అనారోగ్యంతో తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసు స్టేషన్ అధికారి బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ చెబుతుంది, లాకప్‌లో ఉంచకూడదు. ఇలాంటి ఆడవాళ్ళ కోసమే మన చెన్నైలో ది బానియన్ అనే సంస్థ 1993 నుంచి పనిచేస్తోంది. ముందు వాళ్ళకు ఫోన్ చేయండి.

బ్రాడ్‌వే_షాపు:
నేను ఇంకోవైపు నుంచి చెబుతాను, తిట్టకండి. 22 ఏళ్ళుగా బ్రాడ్‌వేలో స్టేషనరీ షాపు మాది. పొద్దున షటర్ ఎత్తేసరికి మెట్ల మీద మలం ఉంటే మీకు ఎలా ఉంటుంది? ఫుట్‌పాత్ నడవడానికి, అందులో ముసలివాళ్ళకు, చూపు లేనివాళ్ళకు మరీ అవసరం. బయట పడుకున్నవాళ్ళకు జరిమానా వేయొచ్చని అమెరికా సుప్రీంకోర్టే 2024లో గ్రాంట్స్ పాస్ ఊరి కేసులో చెప్పింది కదా, మనకే ఎందుకింత మొహమాటం? ఇక్కడ ఊరి చివర పెరుంబాక్కంలో ప్రభుత్వం ఇళ్ళు ఇచ్చినా తిరిగొచ్చేస్తున్నారు.

ఆదివారం_వాలంటీర్:
అన్నా, మెట్ల మీద మలం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, కానీ ఆ చుట్టుపక్కల రాత్రి పదకొండు తర్వాత తెరిచి ఉండే టాయిలెట్ ఒక్కటి చూపించండి. అమెరికా తీర్పు, ఆ జరిమానా వాళ్ళ రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికి రాదని మాత్రమే చెప్పింది, జరిమానా వేస్తే సమస్య తీరుతుందని చెప్పలేదు. మనకు బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో మన సుప్రీంకోర్టు 1985లో ఇచ్చిన ఓల్గా టెల్లిస్ తీర్పుంది. బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమే అంది. ఫుట్‌పాత్‌ను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని కూడా అంది, అయితే నోటీసు ఇవ్వకుండా, వాళ్ళ మాట వినకుండా తీసేయకూడదు. మీ మాటకూ, మా మాటకూ రెంటికీ అందులో చోటుంది.

పెరంబూర్_టీచర్:
పెరుంబాక్కం నుంచి ఎందుకు తిరిగొస్తారో నేను చెబుతాను. మా ఇంట్లో పనిచేసే అక్క కూవం నది ఒడ్డున ఉండేది, 2015 వరదల తర్వాత వాళ్ళను అక్కడికి పంపారు. ఇల్లు గట్టిదే, టాయిలెట్ ఉంది, ఆమె కాదనలేదు. కానీ ఊరి నడిబొడ్డుకు 25 కిలోమీటర్ల పైనే. మూడిళ్ళలో పనిచేసేది, తెల్లారి నాలుగున్నరకు బస్సెక్కినా ఏడుకు అందుకోలేక రెండిళ్ళు పోయాయి. పెద్దపిల్ల స్కూలు మానేసింది, తమ్ముణ్ణి ఎవరు చూస్తారు మరి. రెండేళ్ళకు ఇంటికి తాళం వేసి, ఇక్కడ చుట్టాల పంచన చేరారు. పూలు కట్టే ఆమెకు పూలు దొరికేదీ, అమ్ముడయ్యేదీ ఇక్కడే. ఇల్లు ఇక్కడ, అంటే నడిచి పనికి వెళ్ళగలిగే దూరంలో ఇవ్వాలి, లేదా కుటుంబాలు కలిసి ఉండే షెల్టరైనా పెట్టాలి. ఆ రెండూ చేయకుండా లారీలో సామాను ఎత్తుకుపోతే వాళ్ళు మీ వెనక వీధి నుంచి పక్క వీధికి మారతారు, ఈసారి పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డూ పోగొట్టుకుని.

చూళై_వాసి:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం అత్తగారితో కలిసి వెళ్ళి వాళ్ళతో మాట్లాడాను, పదకొండేళ్ళలో పూల బేరం తప్ప మాట్లాడింది ఇదే మొదటిసారి. గోడవైపు సర్దుకుని నడవడానికి నాలుగడుగులు వదులుతామన్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే, మూలనున్న టాయిలెట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తున్నారు, దాన్ని రాత్రంతా తెరిచి ఉంచమని. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. టాయిలెట్ గురించి, దగ్గర్లోనే కుటుంబాలకు షెల్టర్ గురించి వేరే అర్జీ రాశాను, మా బిల్డింగులో 24 ఫ్లాట్లకు ఇప్పటికి తొమ్మిది సంతకాలు వచ్చాయి. మా ఆయన పెట్టారు. ఒంటరిగా ఉన్నామె కోసం పొద్దున ఫోన్ చేశాను, రేపు వచ్చి చూస్తామన్నారు.

బ్రాడ్‌వే_షాపు:
టాయిలెట్ అర్జీ కాపీ నాకూ పంపండమ్మా, మా వీధికి కూడా అదే కావాలి.