ఇత్తడి దిద్దులకి వెండి కాడ నిలబడటం లేదు

ఆకు_దిద్దు (విజయనగరం):
సుత్తి దెబ్బలు కనబడేలా ఇత్తడి దిద్దులు, సొంత డిజైన్లు. రేకు మందం 22 గేజి, ఆకు ఆకారం, 3 సెం.మీ. వెనక చెవిలో దూర్చే 925 వెండి కాడ. టంకం ఉండకట్టి కాడ మీదకి ఎగబాకుతోంది గానీ రేకుని పట్టదు. పట్టినా కాడ నాలుగు రోజులకే వంగిపోతోంది. పైగా కొన్న బిరడాలు కాడకి దూరడం లేదు, కాడ తీగ 20 గేజే. టంకం పారడానికి వెలిగారం, చేతి గ్యాస్ టార్చ్ వాడుతున్నాను. ఏటి తప్పు?

కుంపటి:
మంట కాడ మీద పెడుతున్నారండి, అదే తప్పు. టంకం వేడి ఎటుంటే అటు పరుగెడుతుంది. సన్నటి కాడ ముందే కాగుతుంది, రేకు ఇంకా చల్లగానే ఉంటుంది.

రేకు వెనక అతుకు చోటుని 400 నంబరు ఎమరీతో గీకండి, ఆ తర్వాత వేలు తగలనివ్వొద్దు. వెలిగారం పాలలా పల్చగా అరగదీసి పూయండి. 1 మి.మీ. టంకం ముక్క ఒక్కటి చాలు, ఎక్కువైతే దిబ్బ కడుతుంది. ముందు దాన్ని రేకు మీదే కరిగించండి. కాడ కొనకి వెలిగారం పూసి పట్టకారుతో పట్టుకుని, రేకు చుట్టూ మంట తిప్పండి. టంకం మళ్లీ తళుక్కుమనగానే కాడ దించి మంట తీసేయండి. మెరుపు ఆగేదాకా చెయ్యి కదిలిందా, అతుకు లోపల పగులే.

అన్నిటికన్నా తక్కువ వేడికి కరిగే వెండి టంకం అడగండి, కేడీఎం మాత్రం వద్దు. అందులోని కాడ్మియం పొగ ఊపిరితిత్తులకి విషం. రేకు మసక ఎరుపు దాటి వెలిగితే ఇత్తడిలో జింకు ఆవిరవుతుంది, కిటికీ తీసి ఉంచండి.

తర్వాత లీటరు వేడినీళ్లలో 100 గ్రాముల నిమ్మఉప్పు వేసి నానబెట్టండి. ఇనప పట్టకారు ముంచొద్దు, రాగి పూత పడుతుంది. ఇత్తడి ఎర్రబడితే కంగారు పడకండి, చింతపండుతో తోమిన బిందె సంగతే. ఇత్తడి బ్రష్‌తో పోతుంది.

కమ్మచ్చు_శ్రీకాకుళం:
వంగడానికి కారణం కాల్పు. ఎర్రగా కాలిన వెండి మెత్తబడిపోతుంది. చల్లారాక కాడ కొసని చదును పటకారుతో పట్టి అర చుట్టు మెలిపెట్టండి, గట్టిపడుతుంది. అతుకు బాగోలేకపోతే అప్పుడే ఊడొస్తుంది, కొన్నవాళ్ల చెవిలో ఊడే కన్నా నయం.

బిరడా గొడవ గేజిది. వీడియోల్లో 20 గేజి అంటే అమెరికా లెక్క, 0.81 మి.మీ. మన కొట్లలో ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ లెక్క) 20 అంటే 0.91. మీకు కావలసింది ఎస్‌డబ్ల్యూజీ 21. గేజి కాదు, మిల్లీమీటర్లు చెప్పి కొనండి. ఉన్న తీగ కమ్మచ్చులో (తీగని సన్నగా లాగే చిల్లుల పలక) లాగిస్తే సరిపోతుంది.

ఆకు_దిద్దు:
అదా సంగతి! ఇంకోటి, కొందరికి చెవి దురద, చర్మం మీద పచ్చ మరక.

కుంపటి:
రెండూ వేరు. పచ్చ మరక చెమటకి రాగి విడుదలవడం వల్ల, సబ్బుతో పోతుంది. వెనక వైపు పల్చగా మైనం పట్టిస్తే తగ్గుతుంది గానీ అరిగేకొద్దీ మళ్లీ పట్టించాలి. దురదకి మాత్రం నికెల్‌ని అనుమానించండి. బిరడాలు దేనితో చేసినవో చూసుకున్నారా? జర్మన్ సిల్వర్ పేరుకే వెండి, ఉండేవి రాగి, నికెల్, జింకు.